తప్పు చేయనివానికి భయమెందుకు?



పోలీసువారు ఇల్లు సోదా చేయుదురనిన, "తప్పు చేయనివానికి భయమెందుకు?" అను మాట మన మధ్యను వినబడుచున్నది. పుదూరులోనేమి, కోవిల్పట్టి, విరుదునగర్‌లలోనేమి, పెద్దలే ఈ మాట అనుచుందురు. పైకి న్యాయముగానే తోచును. కొంచెము నిదానించి చూతము.

ఉత్తర ప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అను నతనిపై 1941లో బందిపోటు కేసు పెట్టిరి. సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. అయినను పోలీసువారు అతని పేర హిస్టరీ షీటు తెరచి, రాత్రులు తలుపు తట్టి, ఉన్నాడో లేడో చూచి పోవుచుండిరి. 1962 డిసెంబరులో సుప్రీం కోర్టు ఈ రాత్రి తనిఖీలను కొట్టివేసినది గాని, గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని ఆరుగురు న్యాయమూర్తులలో ఎక్కువమంది తలంచిరి. ఒప్పుకొననివారు ఇద్దరు. జస్టిస్ షాగారు, మన కోకా సుబ్బారావుగారు. ఈయన రాజమండ్రివారు, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరచినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి. కాళ్లకు సంకెల లేకపోయినను, వెంట పోలీసు కన్ను ఉన్న మనిషి స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదని వారి వాదన. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకముగా గోప్యత ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పి, సుబ్బారావుగారి పక్షమే సరియనిరి. 54 ఏండ్లు పట్టినది.

ఈ సంగతి మన మిషన్ చరిత్రనుకూడ తాకుచున్నది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టము క్రింద నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకలవారి సెటిల్‌మెంటును నడిపినది అమెరికన్ బాప్టిస్టు మిషనే. పని చూపిరి, చదువు చెప్పిరి, అది కాదనలేము. కాని హాజరు పట్టీయు వారి చేతనే ఉండెను. సెలవు లేక ఊరు దాటుట నేరము. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దాయెను. ఫలాని కులమున పుట్టుటే అనుమానమునకు చాలినప్పుడు, తప్పు చేయనివాడు ఏమి చూపి భయము పోగొట్టుకొనవలెను?

కాగితముల మాటయు అంతే. స్టాంపు చట్టమునకు 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణవలన కలెక్టరు పంపిన ఎవరైనను బ్యాంకులోనికి వచ్చి, ఖాతాదారుల దస్తావేజులు తీసి చూచి పట్టుకుపోవచ్చును. కెనరా బ్యాంకు వ్యాజ్యములో 2004లో సుప్రీం కోర్టు దీనిని చెల్లదన్నది. గోప్యత మనిషిది గాని స్థలముది కాదనియు, నమ్మి బ్యాంకులో ఉంచిన కాగితము పరులది కాబోదనియు తీర్పు. మనలో ఎందరి పొలము కాగితములు బ్యాంకు బీరువాలలో లేవు? ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమున, అప్పిచ్చినవాడు సహితము తాకట్టు వస్తువు కొరకు బీదవాని గడప దాటరాదను కట్టడ ఉన్నది. న్యాయమైన బాకీ ఉన్నవాడే బయట నిలువవలెను!

అయినను, తప్పిపోయిన బిడ్డను వెదకువారిని వాకిట ఆపుమని మేము చెప్పుట లేదు. సోదా అవసరమే. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము వీడియో తీయవలెను, ఆ ప్రాంతపు గౌరవస్థులు ఇద్దరు సాక్షులుండవలెను, పట్టుకొన్నవాటి జాబితా వ్రాసి ఇంటివారికి నకలు ఇయ్యవలెను.

ఇంకొక సంగతి మాకు మింగుడు పడదు. క్రమము తప్పిన సోదాలో దొరికినదైనను, సంబంధమున్న సాక్ష్యమైతే కోర్టు తీసికొనవచ్చునని 1973లో పూరణ్ మల్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినది. గడప తప్పుగా దాటినను దొరికిన వస్తువు చెల్లుననిన, గడపకు కావలి సగమే గదా!

అందుచేత ఆ ఇద్దరు సాక్షుల పని పెద్దది. పొరుగింటికి సాక్షిగా రమ్మని వ్రాతమూలముగా పిలిచినను మనవారు వెనుకాడుదురు. మనకెందుకీ గొడవ అందురు. కారణము లేక నిరాకరించుట నేరమని చట్టమే చెప్పుచున్నది. వెళ్లినవాడు ఏ గది తెరచిరో, ఏ వస్తువు తీసిరో కన్నులార చూచి, జాబితా అంతయు చదివిన పిమ్మటనే చేవ్రాలు చేయవలెను. ఖాళీ కాగితముపై చేయరాదు.