అమ్ముకోలేని హక్కు

కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఎంత హక్కు ఉంటుంది? సైకిల్ విషయంలో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. చెయిన్ మార్చుకుంటాం, సీటు దించుకుంటాం, వెనక క్యారియర్ బిగించుకుంటాం. కంపెనీని అడగం. ఇంట్లో వైఫై రౌటర్ సంగతి వేరు. డబ్బులు మనవి, పెట్టె మనది, కరెంటు మనది. దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ చేతిలో ఉంటుంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా రౌటర్ ఆగదు. గడియ ఊడిన తలుపుతో ఇల్లు నిలబడ్డట్టు నడుస్తూనే ఉంటుంది. 2018లో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం ఐదు లక్షల పరికరాల్లోకి దూరింది. వాటిలో చాలావరకు ఇలాంటి ఇళ్ళ, చిన్న ఆఫీసుల రౌటర్లే.

పెదబయలు మండలంలో టీచరుగా పనిచేస్తున్న స్నేహితుడొకడు ఈమధ్య ఫోన్ చేశాడు. ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కే రౌటర్ ఏదో చెప్పమన్నాడు. ఒక్క కనెక్షన్‌ని నాలుగు గదులకి పంచాలి, నెట్ పోయినప్పుడు కూడా ఓ పాత కంప్యూటర్లో దాచిన పాఠాలు పిల్లలకి అందాలి. అంతా చెప్పాక ఇంకో మాట అడిగాడు: "పాడైతే ఎవులు చూస్తారన్నా ఇక్కడ?"

మొదటి ప్రశ్నకి జవాబు ఉంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వాళ్ళ దగ్గర ఏ రౌటర్ మీద అది నడుస్తుందో చెప్పే పెద్ద పట్టిక ఉంది. అందులో చూడాల్సినవి మూడు: ఏ చిప్, ఎంత ఫ్లాష్, ఎంత ర్యామ్. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే సాధారణంగా ఆశ వదులుకోవాలి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటికి 2022 తర్వాత అధికారిక విడుదలలు లేవు. కనీసం 16, 128 ఉంటే నిశ్చింత. పైగా పేరు ఒకటే అయినా పెట్టె ఒకటే కాదు. టీపీ-లింక్ డబ్ల్యుఆర్841ఎన్ పదమూడో వెర్షన్‌లో 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఇచ్చారు. పద్నాలుగో వెర్షన్‌లో మళ్ళీ 4, 32కి దిగారు. తేడా తెలియాలంటే అడుగున స్టిక్కర్ తిప్పి చదవాలి. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే పెట్టెను మార్చడం ఇంకా కష్టం, దాని సీరియల్ నంబర్‌ని అవతలి ఎక్స్‌ఛేంజ్ గుర్తుపట్టాలి కాబట్టి. దాన్ని అలాగే ఉంచి, వెనక మన రౌటర్ పెట్టుకోవడమే దారి.

రెండో ప్రశ్న పట్టికలో లేదు. మన ప్రభుత్వ పథకాల్లోనూ అది వినపడదు. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్ 27న మొదలైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్, నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ గురించి మాట్లాడుకున్నాం. తీగ వేయలేని చోట కాంతి కిరణాలతో నెట్ అందించేందుకు గూగుల్ మాతృసంస్థకి చెందిన ఎక్స్‌తో రెండు వేల లింకుల ఒప్పందం గురించి కూడా మాట్లాడుకున్నాం. వేగం, ధర, దూరం. చివరి పెట్టె మీద పెత్తనం ఎవరిదన్నది లెక్కలోకే రాలేదు.

అసలు ఈ పెట్టె తెరుచుకున్న కథ చిన్నదే. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టి54జి అనే రౌటర్‌ని విడుదల చేసింది. అందులో నడుస్తున్నది లినక్స్ అని 2003లో తేలింది. లినక్స్ లైసెన్స్ జీపీఎల్ నిబంధన ఏమిటంటే, ఈ కోడ్‌ని వాడి పరికరం అమ్మితే, కొన్నవాళ్ళు అడిగినప్పుడు సోర్స్ కోడ్ ఇవ్వాలి. అదే ఏడాది లింక్‌సిస్ కోడ్ ఇచ్చింది. 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి పుట్టింది. ధర్మశాల కొండల్లో ఎయిర్‌జల్ది అనే సామూహిక వైర్‌లెస్ నెట్‌వర్క్ తొలినాళ్ళలో ఈ రౌటర్లనే మార్చి వాడుకుంది.

జీపీఎల్ మీద ఒక పాత అభ్యంతరం ఉంది. స్వేచ్ఛ అంటూనే ఆంక్ష పెడుతుందని. ఈ కోడ్ తీసుకుని ఏమైనా చెయ్, మూసేసి మాత్రం పంచకు అంటుంది. నా మార్పుల్ని మూసి అమ్ముకునే స్వేచ్ఛ నాకు లేనప్పుడు ఇదేం స్వేచ్ఛ?

ఈ ప్రశ్నకి పెదబయలు నేల మీద ఒక జవాబు ఉందనిపిస్తుంది. అది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ ప్రకారం, అందరూ 1/70 అని పిలిచే చట్టం ప్రకారం, అక్కడి భూమి గిరిజనేతరులకి బదలాయించడం కుదరదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా పిల్లలకి సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు. ఇది రైతు స్వేచ్ఛని తగ్గించడమేగా అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ అప్పులో మునిగినవాడికి అమ్ముకునే స్వేచ్ఛ అంటే పోగొట్టుకునే దారి అని చట్టం చేసినవాళ్ళకి తెలుసు. కొన్ని హక్కులు అమ్మకానికి లేనప్పుడే నిలబడతాయి.

పోలిక ఇక్కడితో ఆపాలి. భూమిని ఒకరు తీసుకుంటే ఇంకొకరికి పోతుంది. కోడ్‌ని ఎందరు తీసుకున్నా తరగదు. 1/70 వెనక తరతరాల దోపిడీ ఉంది, జీపీఎల్ వెనక అలాంటి గాయం లేదు. రెండూ కలిసేది ఇంకో చోట. రాసుకున్న హక్కు తనంతట తాను పనిచేయదు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ పోరాడితేనే 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజు ఇవ్వకూడదని చెప్పింది. లింక్‌సిస్ ఉత్పత్తుల సోర్స్ కోడ్ కోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008లో సిస్కో మీద కేసు వేయాల్సి వచ్చింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. హక్కు బతకాలంటే దాన్ని వాడగలిగే, దాని కోసం నిలబడే మనుషులు దగ్గర్లో ఉండాలి.

అందుకే "ఎవులు చూస్తారు" అన్న ప్రశ్నని నేను సాంకేతిక సందేహంగా తీసుకోలేకపోతున్నాను. హైదరాబాద్‌లో నా రౌటర్ చచ్చిపోతే సాయంత్రానికి ఇంకోటి వస్తుంది. అక్కడ అదే జరిగితే పాడేరు రావాలి, కాకపోతే ఘాట్ దిగి విశాఖ పోవాలి. ప్రయోగం సరదా నాది, నష్టం వాళ్ళది అయితే దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం అన్యాయం. పోనీ నేనే ఫర్మ్‌వేర్ ఎక్కించి, పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకుని, ఇక్కడి నుంచే చూసుకుంటానంటే? అప్పుడు కంపెనీ కుర్చీలో నేను కూర్చున్నట్టే. ఆ పెట్టె మీద వాళ్ళ హక్కు మునుపటంతే, అంటే సున్నా.

అలాగని మూసిన పెట్టెనే కొనుక్కోమనడం కూడా సబబు కాదు. ఈరోజు వాడుకోలేని హక్కుని ఈరోజే వదిలేస్తే రేపు నేర్చుకున్నవాడికి ఏమీ మిగలదు. మూసిన పెట్టెతో నేర్చుకోవాలన్న ఆలోచన కూడా రాదు. కాబట్టి నేను చెప్పిన సలహా ఇది. నాలుగైదు వందలు ఎక్కువైనా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఎక్కే వెర్షనే కొను. కంపెనీ ఫర్మ్‌వేర్‌నే ఉంచి వాడు. పక్కన ఒక పాత రౌటర్ పెట్టుకో, పాడైనా ఫరవాలేనిది. ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్ద పిల్లలతో దాన్ని విప్పు, ఎక్కించు, చెడగొట్టు, మళ్ళీ లేపు. కేబుల్, లాప్‌టాప్ ఉంటే చాలా మోడళ్ళని లేపొచ్చు. అది వాళ్ళకి చేతనైన రోజున అసలు రౌటర్ సంగతి, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్న సంగతి వాళ్ళే తేల్చుకుంటారు.

ఈ లెక్కన అనుకూలమైన రౌటర్ అనే మాటకి చిప్, ఫ్లాష్, ర్యామ్ సరిపోవు. నాలుగో గడి ఒకటి కావాలి: బస్సు దూరంలో దీన్ని విప్పగలిగే మనిషి ఉన్నాడా? మొదటి మూడూ దుకాణంలో దొరుకుతాయి. నాలుగోది ఊళ్ళోనే తయారవ్వాలి.