భుజం లేవనప్పుడు నమాజు

శరీరం సహకరించనప్పుడు ఆరాధనా విధి రద్దవుతుందా, లేక రూపం మార్చుకొని నిలుస్తుందా అన్న ప్రశ్న, బహదూర్‌పురా వంటి పాతబస్తీ ప్రాంతాలలో భుజమో మోచేయో పట్టేసిన నమాజీలకు కేవలం సిద్ధాంత చర్చ కాదు. నమాజు ఆరంభంలో చేతులెత్తే తక్బీర్‌లో హనఫీ సంప్రదాయ పురుషులు చెవితమ్మెల దాకా, బార్కస్‌లోని యెమెన్ సంతతి వారు అనుసరించే షాఫియీ సంప్రదాయంలో భుజాల ఎత్తు దాకా చేతులు లేపుతారు. కీలు చుట్టూ ఉండే పొర దళసరెక్కి ముడుచుకుపోయే ‘ఫ్రోజెన్ షోల్డర్’ మధుమేహులలో ఎక్కువ, వారికి ఆ కాస్త తేడా కూడా చిన్నది కాదు. అయితే చేతులెత్తడం సున్నత్, అనగా ప్రవక్త ఆచరణే గాని, ఫర్జ్, అనగా విడువరాని విధి కాదు కనుక, లేచినంత లేపితే చాలును.

మోచేయి సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఖురాన్ 5వ అధ్యాయం 6వ వాక్యం ప్రకారం వజూలో, అనగా నమాజుకు ముందరి శుద్ధిలో, చేతులను మోచేతుల వరకు కడగాలి. కానీ విరిగిన ఎముకకు కట్టు ఉండి, దానిని విప్పితే హాని అనుకున్నప్పుడు, తడిచేతితో కట్టుపై తుడవడాన్ని ధర్మశాస్త్రజ్ఞులు అనుమతించారు. ఇక్కడ విధి పోలేదు, శక్తికి తగ్గట్టు ఒదిగింది.

ఈ సడలింపును వైద్యం మానడానికి సాకు చేసుకోవడం మాత్రం అసంగతం, ఎందుకంటే చికిత్స చేయించుకొమ్మన్న ప్రవక్త ఆదేశం అబూ దావూద్ హదీసు సంకలనంలోనే ఉంది. ఫ్రోజెన్ షోల్డర్ తగ్గడానికి తరచు 1 నుంచి 3 ఏళ్లు పడుతుంది. ఫిజియోథెరపీ, అవసరమైతే కీలులోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఉపకరిస్తాయి, కాకపోతే ఆ ఇంజెక్షన్ తర్వాత మధుమేహులు కొన్నాళ్లు రక్తంలో చక్కెరను జాగ్రత్తగా చూసుకోవాలి.