బోనులో పడిన వానరము

అనంతపురము మెట్టసీమలో వర్షము స్వల్పము. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వానను నమ్మి రైతు ఎఱ్ఱనేలలో వేరుశనగ విత్తును. మొలక తలయెత్తకమునుపే కోతులు దిగి విత్తనమును తవ్వి తినును. ఊడలు దిగి కాయ యూరిన పిదప అడవిపందుల వంతు. ఒక్క రాత్రిలో ఒక కుటుంబపు ఏడాది గ్రాసము మట్టిపాలగును. అట్టి గృహస్థు, నుదుట తిరుమణి ధరించు భక్తుడే, బోను తెప్పించి కోతులను పట్టించి దూరపు గుట్టలలో విడిపించెననుకొందము. అది దయయా, దోషమా?

శ్రీమద్భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము నుపదేశించుచు, లేడి, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగ వీనిని గూడ కన్నబిడ్డలవలె చూడవలెననెను. ఇందు గోవు పేరు లేదు. పంటను, ఇంటిని చెఱచునవియే హెచ్చు. పీడింపని ప్రాణిని ప్రేమించుటకు ఉపదేశమేల?

అయినను, బిడ్డ అన్నపుకుండను బోర్లించుచుండగా తండ్రి ఊరకుండునా? అదలించును. కావున మంచె యెక్కి డప్పు కొట్టుట, కేకలు వేయుట, కంచె నాటుట తప్పు గాదు. చిక్కంతయు బోనుతోనే. రాయి వేయలేదు, విషము పెట్టలేదు, కనుక అహింసయే యనుట తొందరపాటు. కోతులు మందగా బ్రదుకును. ఆడుకోతి పుట్టిన మందను విడువదు. బోనులో పడినవి కొన్ని, చెట్టుపై మిగిలినవి కొన్ని. తల్లి యొకచోట, పిల్ల యొకచోట. నీరు, పండు లేని గుట్టపై విడిచినచో అవి ఆ దిగువనున్న పల్లెకే దిగును. ఇచ్చట ఖాళీయైన చోటికి వేరొక మంద చేరును. ఒకని నష్టమును మోసికొనిపోయి మరియొకని పొలములో దించుట ఏ బిడ్డకు చేసిన మేలు? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చంపుటనే గాక పట్టుటను, ఉచ్చు పన్నుటను గూడ వేట యనియే నిర్వచించినది. ఈ విషయమున శాసనకర్తలు మన పండితులకంటె సూక్ష్మముగా చూచిరని యొప్పుకొనవలెను. తప్పనిసరియైనచో అటవీ అధికారుల అనుమతితో, మందను చీల్చక, నీరును పండ్లచెట్లును గల చోటికి చేర్చుట యొకటే మార్గము.

ఇక యాత్రికుని మాట. కసాపురము నెట్టికంటి ఆంజనేయస్వామి దర్శనమునకు పోవువాడు దారిలో కోతిని చూచి చేతులు జోడించుట సహజమే. ఆ చేతులతోనే అరటిపండు విసరుట మాత్రము విచారింపదగినది. బాలకృష్ణుడు వానరములకు వెన్న పెట్టలేదా యందురు. పెట్టెను. అది పొరుగిండ్ల వెన్న యైనందున గోపికలు యశోదకడకు వచ్చి మొఱపెట్టుకొనిరి. పండు విసరిన యాత్రికుడు మధ్యాహ్నపు బస్సులో వెడలిపోవును. చేతితిండి మరగిన ఆ మంద సాయంకాలమునకు శెనక్కాయ చేనిలో నుండును. ఆ రైతు మొఱ వినుటకు యశోద ఎవరు?