రాజాస్థానమున భక్తుడు

రాజాశ్రయమున నున్న గాయకుడు భగవంతునివాడై యుండగలడా? త్యాగరాజస్వామి తంజావూరు ప్రభువు పంపిన ఆహ్వానమును తిరస్కరించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ త్యాగము మహోన్నతము. కాని అది అందరికిని సాధ్యము కాదు. ఆస్థానమున అడుగిడినవాని గతి యేమి? ఇందులకు సమాధానమును 17వ శతాబ్దమునాటి క్షేత్రయ్య జీవితమున వెదకవచ్చును.

కృష్ణాజిల్లాలోని మొవ్వ ఆయన స్వగ్రామమని ప్రసిద్ధి. అచటి వేణుగోపాలస్వామి ఆయన ఇష్టదైవము. మధురలో తిరుమల నాయకుని సభను, తంజావూరులో విజయరాఘవ నాయకుని సభను, గోలకొండ పాదుషా కొలువును ఆయన దర్శించెను. ఏ సభలో ఎన్ని పదములు చెప్పెనో ఒక పదమున తానే లెక్కించెను. ఆ మొత్తము నాలుగువేలకు మించును. నేడు లభించునవి కొన్ని వందలు మాత్రమే.

ఆ పదములలో నాయిక అలుగును, ఎదురుచూచును, నిష్ఠురము లాడును. రాజసభకు ప్రియమైన శృంగారమే అది. అయినను ఆ నాయిక వేచియున్నది సింహాసనమున గూర్చున్నవానికై కాదు, మువ్వగోపాలునికై. ఆ నామమే పదమునకు ముద్ర. ధనికుని ఇంట దాసి యజమాని బిడ్డలను తన బిడ్డలవలె లాలించుచున్నను, ఆమె మనస్సు స్వగ్రామమునందే యుండునని శ్రీరామకృష్ణులు చెప్పెడివారు. క్షేత్రయ్య ముద్ర అట్టి మనస్సునకు గుర్తు.

విజయరాఘవుని పేర చెప్పిన పదములును కొన్ని కలవు కదా యని ఆక్షేపింపవచ్చును. కలవు. వానిని మరుగుపరచి ఆయనను మచ్చలేని విరాగిగా చిత్రించుట సత్యమునకు ద్రోహము. ఆస్థానపు ఆకర్షణ యెంత బలీయమో అవి తెలుపుచున్నవి. సాధకుడు ఒక్కమారైనను తల వంచెనా యని కాక, అతని మనస్సు తుదకు ఎచట నిలుకడ చెందెనని విచారింపవలెను. అధికసంఖ్యాకములైన పదములు మువ్వగోపాలునివే.

తిరుమల నాయకుడు 1659లో గతించెను. తంజావూరు నాయకరాజ్యము 1673లోను, గోలకొండ రాజ్యము 1687లోను అంతరించెను. పదములు మాత్రము నిలిచినవి. వానిని తరతరములుగా కంఠమున కాపాడినవారు రాజులు కారు. లోకము చిన్నచూపు చూచిన దేవదాసీలు.

కార్యాలయమునందో, అంగడియందో పరుల కొలువు చేయు గృహస్థునకు ఈ జీవితమొక ఊరట, ఒక హెచ్చరిక. కొలువు విడువకున్నను భక్తుడు కావచ్చును. కాని దినాంతమున తన పనిపై ఎవరి ముద్ర పడినదో అతడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.