పట్టూ - విడుపూ

పక్కింటి కుర్రాడు తొమ్మిదో క్లాసు. నేను బి.ఏ. చదివానని, పైగా నవలలు రాస్తానని వాడికి నా ఇంగ్లీషు మీద అపారమైన నమ్మకం. మొన్న సాయంత్రం నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటుంటే పుస్తకం పట్టుకుని వచ్చి, "ఆంటీ, 'గివ్ ఇన్' అంటే ఏమిటి?" అన్నాడు.

"లొంగిపోవడం" అన్నాను తల ఎత్తకుండానే.

"మరి సోమవారంలోగా హోంవర్కు 'గివ్ ఇన్' చెయ్యాలని ఉందే! హోంవర్కుకి లొంగిపోవాలా?"

నవ్వొచ్చింది. ఆ మాటకి అప్పగించడమనే అర్థం కూడా ఉందని చెప్పాను. వాడు ఊరుకుంటేనా! వరసగా అన్నీ అడిగాడు. 'గివ్ అప్' అంటే వదులుకోవడం. సిగరెట్లు మానినా అదే, ఆశ వదులుకున్నా అదే. 'గివ్ వే' అంటే దారివ్వడం. రోడ్డు మీద ఎర్ర అంచుతో తలకిందులుగా ఉండే త్రికోణం బోర్డు చెప్పేది అదే, ముందు అవతలి బండిని పోనివ్వమని. బరువు మొయ్యలేక వంతెన కూలిపోయినా ఇంగ్లీషువాళ్ళు ఆ మాటే అంటారు. మర్యాదకి దారివ్వడానికీ, మొయ్యలేక కూలిపోవడానికీ ఒకటే మాట! దీన్ని ఎవరో ఇల్లాలే కనిపెట్టి ఉంటుందనిపించింది.

వాడు వెళ్ళాక నిఘంటువు తీశాను. 'గివ్ ఇన్' దగ్గర చిన్న మెలిక కనిపించింది. ముందు కాదని, ఆ తరవాత ఒప్పుకుంటేనే లొంగినట్టు. అడగ్గానే సరేనన్నవాళ్ళకి ఆ మాట వర్తించదు. చదివి అలాగే కూర్చుండిపోయాను.

నా పెళ్ళయ్యేనాటికి ఎం.ఏ.లో చేరాలని నా కోరిక. అప్లికేషను పెట్టెలో చీరల అడుగున పెట్టుకుని కాపురానికి వచ్చాను. ఒకరోజు భోజనాల దగ్గర మా మామగారు "ఇంక చదువులెందుకులే అమ్మా, హాయిగా ఇల్లు చూసుకో" అన్నారు. "అలాగేనండీ" అని మజ్జిగ పోశాను. అంతే, అయిపోయింది. "మా కోడలు సర్దుకుపోయే పిల్ల" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. అది నా త్యాగమని ఇరవై ఏళ్ళకు పైగా నేనూ అనుకుంటూనే ఉన్నాను.

ఆ మధ్య ఏదో మాట మీద మావారితో "ఈ ఇంటికోసం నా చదువు వదులుకున్నాను" అన్నాను. ఆయన పేపరు దించి, "చదువుకుంటానని నువ్వెప్పుడన్నావు?" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. నిజంగా ఆశ్చర్యపోయారు!

ఆయన తప్పేముంది? నేను నోరు విప్పి అడగందే! ఇచ్చినట్టు పుచ్చుకున్నవాళ్ళకే తెలియకపోతే ఆ ఇచ్చింది ఏ లెక్కలోకి వెళ్ళినట్టు?

ఈ మాట బరువు బాగా తెలిసినావిడ రోసా పార్క్స్. అమెరికాలోని మాంట్‌గొమరీలో బట్టలు కుట్టే ఉద్యోగం ఆవిడది. 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లవాడికోసం సీటు వదలనంది. అప్పటికి ఆవిడకి 42 ఏళ్ళు, దాదాపు నా వయసే. పాపం, పనిచేసి అలిసిపోయి లేవలేకపోయిందని జనం అనుకున్నారు. అలిసింది ఒళ్ళు కాదనీ, లొంగి లొంగి అలిసిపోయాననీ తరవాత ఆత్మకథలో చెప్పుకుంది. అక్కడ ఆవిడ వాడిన మాట 'గివ్ ఇన్'. ఆ ఊరి నల్లజాతివాళ్ళు 381 రోజులు బస్సులెక్కకుండా నడిచారు. 1956లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ బస్సుల్లో వేరు సీట్ల పద్ధతి పోయింది.

అలాగని పచ్చడిలో ఉప్పు దగ్గర్నుంచీ ప్రతిదానికీ పట్టుపట్టమని నేను చెప్పడంలేదు. పోయిన ఏడాది మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళతానంది. ఒక్కదానివీ వద్దన్నాను. నెల రోజులు వాదించుకున్నాం. దాని మాటలో న్యాయం ఉంది, నా మాటలో భయం తప్ప ఏమీ లేదు. చివరికి సరేనన్నాను. రైలెక్కేముందు అది నా చెయ్యి పట్టుకుని, "నీకు బెంగగా ఉన్నా పంపిస్తున్నావు కదమ్మా" అంది. నేనేమిచ్చానో దానికి తెలుసు. అందుకే నాకు ఓడిపోయినట్టు లేదు.

మనిషికి పట్టూ విడుపూ ఉండాలంటారు మన పెద్దవాళ్ళు. ఆడపిల్లలకి మాత్రం విడుపు ఒక్కటే నేర్పారు. ఆ మాటలో పట్టు ముందుంది, చూశారా? పట్టుకోనిదాన్ని విడవడమెలా?

రాత్రి భోజనాల దగ్గర మజ్జిగ పోస్తూ, "ఎం.ఏ. కడదామనుకుంటున్నాను" అన్నాను.

"ఇప్పుడెందుకు?" అన్నారు మావారు.

"చెబుతాను. చెయ్యి కడుక్కుని రండి" అన్నాను.