పొదుపునకు లోభమునకు నడుమ



గృహస్థుని ధర్మబుద్ధి పరీక్షకు నిలుచు చోటు మఠమొక్కటియే కాదు, కిరాణా దుకాణము కూడ. జీతమో, పంట అమ్మిన పైకమో చేత బట్టుకొని, ఇల్లాలు వ్రాసిన సరకుల చీటితో మనము వర్ధన్నపేట బజారునకు పోవుదుము. ధరలు పెరిగిన ఈ కాలమున నాలుగు రూపాయలు మిగుల్చుకొనగోరుట తప్పు గాదు. కాని ఆ రూపాయలు ఎవరి వాటా నుండి మిగిలినవి? ఎందుకొరకు మిగిలినవి? ఈ రెండు ప్రశ్నలు వేసికొనని పొదుపు లోభముగ మారుటకు ఆలస్యము పట్టదు.

బసవన్న చరితను తెలుగు ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని పాలకుర్తి మనకు చేరువనే ఉన్నది. ఆ బసవన్న నాటి కల్యాణమున, 12వ శతాబ్దమున, ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. నేల రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారి దాసోహము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. అక్కరకు మించిన గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మని పంపివేసెనని శరణుల కథ.

ఆ బియ్యమునకు ధర లేదు. అయినను ఆమె వలదనెను. మనమో, రెండు కొన్న ఒకటి ఉచితమను ప్రకటన చూచి, అక్కరలేని మూడింటిని మోసికొని వత్తుము. పైగా లాభము పొందితిమని తలతుము.

అట్లైన ఏడాదికి సరిపడ చింతపండు, మిరపకాయలు, కందిపప్పు కొని దాచుట తప్పాయని ఇల్లాండ్రు అడుగవచ్చును. తప్పు గాదు. కొత్త పంట వచ్చిన దినములలో, ఇంటిల్లిపాదికి ఎంత పట్టునో లెక్కించి కొని, ఎండబెట్టి దాచుట ముందుచూపు. ఆ లెక్క దాటినది పురుగుల పాలగును. లక్కమ్మ త్రిప్పి పంపినది ఆ దాటిన భాగమునే.

ఇక బేరము మాట. పొట్లముపై అచ్చయిన ధరను నోరెత్తక చెల్లింతుము. నిజమునకు అది గరిష్ఠ ధర మాత్రమే. అంతకు తక్కువకు అమ్ముటకు వ్యాపారికి అడ్డు లేదు. అడుగవలసినది అచట. నికర తూకము చూచి, కిలో ఎంతకు పడినదో లెక్కగట్టి, చిన్న పొట్లమును పెద్దదానితో పోల్చవలెను. అది చేయక, ఆకుకూరల గంప ముందు కూర్చున్న అవ్వతో రెండు రూపాయలకు వాదించి, పైన కొసరు కూడ అడుగుదుము. సాయంకాలమునకు వాడిపోవు సరకు గనుక ఆమె ఒప్పుకొనునని మనకు తెలియును. ఎదుటివాని నిస్సహాయత నుండి మిగిలిన రూపాయి పొదుపు గాదు; అది ఆమె కాయకములో మనము కోసికొన్న భాగము. ఉద్దెర తెచ్చి, చిన్న దుకాణదారునికి నెలల తరబడి బాకీ జరుపుటయు అట్టిదే.

2025 ఉగాది మొదలు తెలంగాణమున రేషను కార్డులపై మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగ ఇచ్చుట ఆరంభమైనది. అది తినువారికి గొప్ప ఆదా. తినకయే తెచ్చి అమ్ముకొనువాడు మాత్రము అన్నమును సరకుగ మార్చుచున్నాడు.

మరి మిగిల్చిన సొమ్ము ఎటు పోవలెను? పిల్లల చదువునకు, రోగమునకు, బాకీ తీర్చుటకు పోవుట న్యాయమే. అందొక పాలు, పిడికెడు బియ్యమైనను, ఆకలిగొన్నవానికై వేరు పెట్టవలెను. దాసోహము ధనికులకే అన్నచో ఏరిన గింజలతో దానిని నడపిన దంపతులను మరచినట్లే. తన కోరికను తగ్గించుకొని మిగిల్చిన ఇంట పొదుపున్నది. పరుని కూలిని తగ్గించి మిగిల్చిన ఇంట లోభమున్నది. సంచి బరువు రెండిండ్లలోను ఒక్కటియే కావచ్చును. దానిని దించిన పిదప మనసు తేలికపడునది మాత్రము మొదటి ఇంటనే.