ఆకలి తృష్ణ కాదు



"కోరికలు తగ్గించుకోమన్నాడు బుద్ధుడు. రేషన్ బియ్యం వస్తున్నాయి కదా, పప్పూ గుడ్డూ కావాలనడం తృష్ణ కాదా?" అని మనలోనే కొందరు అడుగుతున్నారు.

ముందు మన పేటల్లో పళ్లెం చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదావరి డెల్టా ధాన్యాగారమైంది. నాట్లేసి, కోతలు కోసిన చేతులు మన అమ్మలవి. ఈనాడు భీమవరం, ఆకివీడు చెరువుల చేపలు ఐసులో లారీలెక్కి కలకత్తా పోతున్నాయి. చేలు చెరువులైనచోట గట్ల మీద కోసుకునే పొన్నగంటి కూరా పోయింది. 2013 ఆహార భద్రతా చట్టం పేద కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు ఇమ్మంది. పప్పు, కూర, పాలు కొనుక్కోవాల్సిందే. పని దొరకని రోజున పచ్చడి మెతుకులే గతి. కడుపు నిండుతుంది, ఒంటికి బలం రాదు.

ఆళవిలో ఒక పేదరైతు తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి, ఆకలితో ధమ్మం వినడానికి వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించాడు. ఆ తర్వాతే బోధించాడు.

అవసరం వేరు, తృష్ణ వేరు. బిడ్డకు గుడ్డు కావాలనడం అవసరం. పక్కవాడి పళ్లెం ఖాళీగా ఉన్నా ఇంకా కూడబెట్టాలనుకోవడం తృష్ణ.

అంగన్‌వాడీలో గుడ్డు సరిగా అందుతోందా? వెళ్లి అడగండి. ఆదివారం వందనం అయ్యాక పదిళ్లవాళ్లు కలిసి పప్పు టోకున కొని పంచుకోండి. హక్కు అడగడం అడుక్కోవడం కాదు.

నమో బుద్ధాయ!